లాక్‌డౌన్ రోజుల్లో ఈటింగ్ డిజార్డర్‌తో బతకడం ఎలా? ఒక సమగ్ర మార్గదర్శి

2020 మార్చి 25 ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. హైదరాబాద్‌లో హాస్టళ్లు ఖాళీ చేయించడంతో ఎంతోమంది కుర్రవాళ్లు, ఆడపిల్లలు బైకుల మీదా కార్లలోనూ సొంతూళ్లకు బయల్దేరి, ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఇరుక్కుపోయారు. వాళ్లలో కొందరైనా ఇంట్లో ఎవరికీ తెలియని ఈటింగ్ డిజార్డర్‌తో, అంటే తిండి చుట్టూ అల్లుకున్న మానసిక జబ్బుతో, ఇంటికి చేరి ఉంటారు. హాస్టల్లో ఎప్పుడు తిన్నావని, తినకుండా ఎందుకు లేచావని అడిగేవాళ్లుండరు. ఇంట్లో అయితే కంచం ముందు కూర్చోగానే అందరి చూపూ అటే.

ఈ జబ్బుకు కావలసినవన్నీ లాక్‌డౌన్ అమర్చిపెట్టింది. వేళాపాళా లేని రోజు, సరుకులతో నిండిన వంటగది, వీడియో కాల్‌లో పొద్దస్తమానం ఎదురుగా మన ముఖమే, మనసు విప్పి మాట్లాడే స్నేహితులు దూరం, రేపేమవుతుందోనన్న టెన్షన్. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఆ కాలంలో ఈటింగ్ డిజార్డర్‌తో ఆస్పత్రిలో చేరిన టీనేజీ పిల్లలు బాగా ఎక్కువయ్యారు. మన దగ్గర చాలా ఇళ్లలో దీనికి పేరే పెట్టలేదు. "పిల్ల సరిగ్గా తినట్లేదు", "వీడు నోరు కట్టుకోలేకపోతున్నాడు" అనుకుని ఊరుకున్నారు.

నాకు ఈ జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. నేను డాక్టర్‌ని కాదు. చికిత్సలో నేర్చుకున్నవి, డాక్టర్లు పదే పదే చెప్పేవి మన ఇళ్లకు సరిపోయేలా ఇక్కడ రాస్తున్నాను. మళ్లీ లాక్‌డౌన్ రావచ్చు, క్వారంటైన్ పడొచ్చు, నెలల తరబడి ఇంటి నుంచే పని చేయాల్సి రావచ్చు. అప్పుడు పనికొస్తుంది. బరువుల లెక్కలు, క్యాలరీల అంకెలు ఇందులో కావాలనే రాయలేదు. అవి చదివితే ఈ జబ్బున్నవాళ్లకు ఏమవుతుందో నాకు తెలుసు.

ముందుగా రెండు మాటల్లో పేర్లు చెబుతాను. అనొరెక్సియాలో లావైపోతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోతారు. బులీమియాలో ఆపుకోలేకుండా తినేసి, ఆ తర్వాత వాంతి, విరేచనాల మందు, ఉపవాసం, విపరీతమైన వ్యాయామం లాంటి వాటితో దాన్ని "సరిచేసుకోవాలని" చూస్తారు. బింజ్ ఈటింగ్‌లో అలా ఆపుకోలేకుండా తినేయడం (దాన్నే బింజ్ అంటారు) ఉంటుంది, తర్వాత సిగ్గుతో కుమిలిపోవడం ఉంటుంది, ఆ సరిచేసుకోవడం మాత్రం ఉండదు. చాలామందిలో ఇవి కలిసిపోయి ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంటాయి కూడా. మీది ఏదని తేలకపోయినా ఈ కింది మొదటి మెట్టుతోనే మొదలుపెట్టండి.

మెట్టు 1: ఇది ఇంట్లో చూసుకునేదేనా, ఆస్పత్రికి వెళ్లాలా?

కరోనా రోజుల్లో ఆస్పత్రి అంటేనే జనం హడలిపోయారు. ఆ భయంతో ఆగిపోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడదడలాడటం లేదా లయ తప్పినట్టు అనిపించడం, ఛాతీలో నొప్పి, వాంతిలో రక్తం, కండరాలు పట్టేయడం, గొంతుక్కూర్చుని చేయి ఆన్చకుండా లేవలేకపోవడం, మాట తడబడటం, మంచినీళ్లు కూడా మానేయడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నా అంతే. 108 లాక్‌డౌన్‌లో కూడా తిరిగింది, ఎమర్జెన్సీ వార్డులు తెరిచే ఉన్నాయి.

చూడటానికి మామూలుగా ఉన్నారు కదా అని నమ్మకండి. తరచూ వాంతులు చేసుకునేవాళ్లలో పొటాషియం పడిపోతుంది. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. బరువు మామూలుగా ఉన్న మనిషికి కూడా ఇది జరుగుతుంది. అందుకే డాక్టర్ దగ్గర "నీరసంగా ఉంది" అని ఊరుకుంటే చాలదు. "తిండి మానేస్తున్నాను" లేదా "వాంతులు చేసుకుంటున్నాను" అని సూటిగా చెప్పాలి. అప్పుడే ఈసీజీ తీస్తారు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, షుగర్ చూస్తారు, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తారు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. కరోనాలో కొన్న ఆక్సీమీటర్ చాలా ఇళ్లలో ఇంకా ఉంది. అది ఆక్సిజన్‌తో పాటు నాడి కూడా చూపిస్తుంది. తిండి బాగా తగ్గించేసిన పిల్లల్లో మెలకువగా ఉన్నప్పుడే నాడి నిమిషానికి 50 కంటే తక్కువ చూపిస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. "ఆటలాడే పిల్ల కదా, అలాగే ఉంటుంది" అని మీకు మీరే సర్దిచెప్పుకోకండి.

ఇంకో రెండు ప్రమాదాలు. చాలా రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫరస్ హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టర్ చూస్తుండగా మెల్లగా పెంచాలి. ఇక షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు బరువు కోసం ఇన్సులిన్ ఎగ్గొడుతుంటే అది కూడా ఈటింగ్ డిజార్డరే. ఎంతో వేగంగా ముదిరే రకం కూడా. అది వెంటనే డాక్టర్‌కు తెలియాలి.

మెట్టు 2: ఆకలిని అడగొద్దు, గడియారాన్ని చూడండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పట్టుకోగలిగే ఓపిక ఉంటే ఇదే పట్టుకోండి. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి, ఏ రెండింటి మధ్యా మూడు నాలుగు గంటలకు మించి ఎడం లేకుండా. బులీమియా, బింజ్ ఈటింగ్‌లకు చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) మొట్టమొదట మొదలుపెట్టేది దీనితోనే. ఏం తినాలి, ఎంత తినాలి అన్నవి తర్వాత. ముందు ఎప్పుడు అన్నది కుదరాలి.

దీని వెనక కారణం తెలిస్తే పట్టుదల వస్తుంది. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్లు నైతిక కారణాలతో యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు, ఇష్టపడి ప్రయోగానికి వచ్చారు. ఆరు నెలల పాటు వాళ్లకు సగం కడుపు తిండే పెట్టారు. అంతకుముందు వంటింటి వైపు చూడనివాళ్లు కూడా వంటల పుస్తకాలు చదవడం మొదలుపెట్టారు. కలలో తిండి, మాటల్లో తిండి. ముక్క ముక్కగా గంటల కొద్దీ తినేవారు. మళ్లీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరు ఆపలేకుండా తినేశారు. వాళ్లెవరికీ అంతకుముందు ఈటింగ్ డిజార్డర్ లేదు. అంటే కడుపు మాడ్చుకున్న ఏ ఒంట్లోనైనా ఇదే జరుగుతుంది. మీరు రాత్రి పదకొండుకు వంటింట్లో నిలబడి డబ్బా ఖాళీ చేయడం వెనక పొద్దున మానేసిన టిఫిన్, మధ్యాహ్నం కతికిన రెండు ముద్దలు ఉన్నాయి. మీ గుణంలో లోపం వెతుక్కోవాల్సిన పని లేదు.

లాక్‌డౌన్ ముందుగా పాడుచేసేది ఈ వేళలనే. కాలేజీ లేదు, ఆఫీసు బస్సు లేదు. పడుకునేసరికి రెండవుతుంది, లేచేసరికి పదకొండు. "టిఫిన్ టైం అయిపోయింది కదా, ఏకంగా భోజనమే" అనిపిస్తుంది. జబ్బుకు ఆ సందు చాలు. కాబట్టి నిద్ర లేచిన గంటలోపు మొదటి తిండి, ఎప్పుడు లేచినా సరే. ఒక మామూలు రోజు ఇలా పెట్టుకోవచ్చు: ఎనిమిదింటికి టిఫిన్, పదకొండుకు పండో మజ్జిగో అటుకులో, ఒంటిగంటన్నరకు భోజనం, ఐదింటికి టీతో ఏదైనా గట్టి చిరుతిండి, ఎనిమిదిన్నరకు రాత్రి భోజనం, పడుకునే ముందు పాలు. ఫోన్‌లో ఆరు అలారాలు పెట్టండి. టీ, కాఫీ, మంచినీళ్లు మాత్రమే తాగితే అది ఒక పూట కింద లెక్క కాదు.

ఒక పూట తప్పిపోతే దాన్ని తర్వాతి పూటలో కలిపి తినక్కర్లేదు, తర్వాతి వేళకు మామూలుగా తినండి. రాత్రి బింజ్ జరిగిందా? పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ తినాల్సిందే. ఇది చాలా కష్టం, ఒళ్లంతా వద్దంటుంది. కానీ ఆ ఇడ్లీ మానేస్తేనే మళ్లీ రాత్రి అదే వంటింటికి దారి పడుతుంది.

మొదట్లో ఆకలి, కడుపు నిండటం రెండూ తప్పుడు కబుర్లే చెబుతాయి. తక్కువ తింటూ వచ్చినవాళ్లలో కడుపు ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, కాబట్టి నాలుగు ముద్దలకే ఉబ్బరంగా ఉంటుంది. కొన్ని వారాలు క్రమంగా తింటే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటిదాకా తినడం మందు వేసుకోవడం లాంటిదే, ఇష్టం పుట్టేదాకా ఆగొద్దు.

మెట్టు 3: వంటగది, సరుకులు

లాక్‌డౌన్‌లో ఇంట్లో నెలకు సరిపడా సరుకులు తెచ్చిపెట్టుకున్నారు. బింజ్ ఉన్నవాళ్లకు అదొక నరకం. బిస్కెట్ ప్యాకెట్లు, జంతికల డబ్బా, బెల్లం అచ్చులు, అన్నీ చేతికందే దూరంలో. కొన్నాళ్ల పాటు పెద్ద మొత్తాల్ని ఇంకొకరి గదిలోనో అటక మీదో పెట్టించి, ఆ రోజుకు కావలసింది మాత్రం చిన్న డబ్బాల్లోకి తీయించుకోండి. కానీ "ఇక మీదట జంతికలు తిననే తినను" అని ఒట్టు పెట్టుకోవద్దు. పూర్తిగా నిషేధించిన పదార్థం మీదే బింజ్ వస్తుంది. సాయంత్రం ఐదింటి చిరుతిండిలో, కంచంలో పెట్టుకుని, అందరితో కూర్చుని అదే జంతిక తినడం దాని పట్టు సడలించే దారి.

తిండి తగ్గించుకునేవాళ్లది దీనికి తలకిందులు. వాళ్లకు "భయం లేని" పదార్థాలు నాలుగో ఐదో ఉంటాయి: ఫలానా బ్రాండ్ ఓట్స్, ఫలానా పెరుగు. దుకాణాలు కొన్ని గంటలే తెరిచిన రోజుల్లో అవి దొరకవు. దొరకలేదని పూటే మానేస్తారు. దీనికి ముందే ఒక ప్రత్యామ్నాయాల చీటీ రాసుకుని ఫ్రిజ్ మీద అంటించండి. ఓట్స్ లేకపోతే ఉప్మా లేదా అటుకులు, బ్రెడ్ లేకపోతే చపాతీ, పనీర్ లేకపోతే గుడ్డు లేదా ముద్దపప్పు. చీటీ మనసు స్థిమితంగా ఉన్నప్పుడు రాయాలి, డబ్బా ఖాళీ అని తెలిసిన క్షణంలో కాదు.

ఇంట్లోవాళ్లు తరచూ పొరబడే లక్షణం ఒకటుంది. యూట్యూబ్ చూసి రోజుకో వంట చేసి అందరికీ కొసరి కొసరి వడ్డించి, తాను మాత్రం "వాసనకే కడుపు నిండిపోయింది" అనే అమ్మాయిని చూసి మురిసిపోకండి. మిన్నెసోటా మగవాళ్లు వంటల పుస్తకాలు చదివినట్టే ఇది కూడా. చేసింది తాను కూడా ఒక వంతు తినాలన్నది షరతుగా పెట్టుకోండి.

ఇంకొక బాధ గురించి తప్పకుండా రాయాలి. 2020 వేసవిలో వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని ఎర్రటి ఎండలో రోడ్ల వెంట నడిచి వెళ్తుంటే టీవీలో చూశాం. "వాళ్లకు తిండి లేదు, నేను తిన్నది కక్కేస్తున్నాను" అన్న అపరాధ భావన నిద్రపోనివ్వదు. ఇంట్లో జీతాలు తగ్గిన రోజుల్లో "రేషన్ అంతా నేనే తినేశాను" అన్న సిగ్గు ఇంకా లోతుగా దిగుతుంది. ఈ రెండు బాధలూ నిజమైనవే, కానీ జబ్బు వాటిని వాడుకుంటుంది. మీరు మాడినందువల్ల ఎవరి ఆకలీ తీరదు, మీ రాత్రి బింజ్ మాత్రం ఖాయమవుతుంది. మనసు ఊరుకోకపోతే ఎవరికైనా సరుకులు ఇప్పించండి, భోజనం మాత్రం వేళకు చేయండి.

మెట్టు 4: ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి

అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరు చాలు, ఆ ఒక్కరు అమ్మే కానక్కర్లేదు. అక్క, బాబాయి, భర్త, పైపోర్షన్‌లో ఉండే పిన్ని, ఎవరైనా. వెంటనే సలహాలు గుప్పించని మనిషిని ఎంచుకోండి. భోజనం వేళ కాకుండా, బట్టలు ఆరేస్తున్నప్పుడో డాబా మీద నడుస్తున్నప్పుడో చెప్పండి. ఇలా మొదలుపెట్టొచ్చు: "అక్కా, నీకో మాట చెప్పాలి, మధ్యలో ఆపకుండా విను. నాకు తిండి విషయంలో ఒక జబ్బుంది. దానికి డాక్టర్లున్నారు, వైద్యం ఉంది. నేను కావాలని చేస్తున్నది కాదు. నువ్వు నయం చేయక్కర్లేదు, భోజనమయ్యాక ఒక గంట నా పక్కన కూర్చుంటే చాలు."

ఆ చివరి ముక్క ముఖ్యం. "సాయం చెయ్యి" అంటే ఏం చేయాలో వాళ్లకు తెలియదు. పని చెప్పండి: నా ఒళ్లు గురించి మాట్లాడొద్దు, పొగిడినా సరే. అమ్మ బలవంతంగా వడ్డిస్తుంటే నువ్వు ఆపు. ఐదింటికి నాతో కలిసి టీ తాగు.

మన ఇళ్లలో ఒంటి గురించి మాట్లాడటం పలకరింపు కింద లెక్క. వీడియో కాల్‌లో మొదటి మాటే "ఏంటమ్మా, ఇంట్లో కూర్చుని బాగా ఒళ్లు చేశావు", లేకపోతే "అయ్యో, చిక్కి సగమయ్యావు". ఈ రెండోది విన్నప్పుడు జబ్బు లోపల సంబరపడుతుంది, అందుకే అది మొదటిదానికంటే ప్రమాదం. జవాబు ముందే తయారు చేసుకోండి. పెద్దత్తయ్యతో అయితే "అవన్నీ ఎందుకులెండి అత్తయ్యా, మీ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి?" అంటే మాట మళ్లిపోతుంది. అమ్మానాన్నలతో మాత్రం మాట మళ్లించకుండా "ఈ మాట నన్ను జబ్బు చేస్తోంది, దయచేసి అనొద్దు" అని సూటిగా చెప్పాలి. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఇది ఇంకా కష్టం. ఫొటో కోసం బరువు తగ్గమనే మాట వస్తే, మీరు ఎంచుకున్న ఆ ఒక్కరు మీ తరఫున మాట్లాడాలి.

పిల్లలు టీనేజీలో ఉంటే లెక్క వేరు. అక్కడ తల్లిదండ్రులే పగ్గాలు పట్టుకోవాలి. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సలో అమ్మానాన్నలు కొన్నాళ్లు ఏం తినాలి, ఎంత తినాలి అన్నది తామే నిర్ణయిస్తారు, ప్రతి పూటా పక్కన కూర్చుంటారు. అరవరు, బతిమాలరు, బేరాలాడరు. "నీకిది కష్టంగా ఉందని తెలుసు. నేనిక్కడే కూర్చుంటాను, తిను" అంటారు. నిజానికి లాక్‌డౌన్ ఇచ్చిన ఒకే ఒక మేలు ఇదే: ప్రతి పూటా ఇంట్లో పెద్దలున్నారు.

మగపిల్లల్ని మర్చిపోకండి. జిమ్‌లు మూసేసినప్పుడు కండ కరిగిపోతుందన్న భయంతో ప్రొటీన్ పౌడర్, గుడ్ల తెల్లసొన తప్ప ఏదీ ముట్టని కుర్రవాళ్లకు కూడా ఇదే జబ్బు ఉండొచ్చు. వాళ్లను ఎవరూ అడగరు.

మెట్టు 5: భోజనం తర్వాత గంట

వాంతి చేసుకోవాలన్న తపన, ఇంకా తినేయాలన్న తపన రెండూ పెరిగి, ఒక స్థాయికి వెళ్లి, వాటంతటవే తగ్గుతాయి. దాన్ని చంపాల్సిన పని లేదు, తగ్గేదాకా పొద్దుపుచ్చాలి. కాబట్టి భోజనం కాగానే గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవద్దు, హాల్లో నలుగురి మధ్య కూర్చోండి. బాత్రూమ్ పని భోజనానికి ముందే ముగించండి. అష్టాచెమ్మా, వైకుంఠపాళి, అంత్యాక్షరి, బామ్మకు పేపర్ చదివి వినిపించడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, చేతులకూ నోటికీ పని ఉండేది ఏదైనా మంచిది. ఒంటరిగా ఉంటే అదే గంటకు స్నేహితురాలితో ఫోన్ పెట్టుకోండి.

ఆపలేకపోయారా? వెంటనే బ్రష్ చేయకండి, కడుపులోని ఆమ్లంతో మెత్తబడిన పళ్ల పైపొర అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి కనీసం అరగంట ఆగండి. ఓఆర్ఎస్ తాగండి. తర్వాతి వేళకు తినండి. విరేచనాల మాత్రలు కొవ్వును బయటికి పంపవు, నీళ్లనూ లవణాలనూ పంపుతాయి. అవి మానేశాక కొన్ని రోజులు ఒళ్లు ఉబ్బినట్టుంటుంది, అది నీరు. చాలా కాలంగా వాడుతుంటే ఎలా మానాలో డాక్టర్‌ను అడిగి మానండి.

మెట్టు 6: అద్దం, తూకం, ఫోన్, డాబా

తూకం మిషన్‌ను ఇంట్లోంచి పంపించేయండి. బరువు చూడాల్సి వస్తే డాక్టర్ దగ్గర, అంకె మీకు కనిపించకుండా చూస్తారు, అలా కావాలని అడగవచ్చు. ఆన్‌లైన్ క్లాసుల్లో, మీటింగుల్లో మన బొమ్మ మనకు కనిపించకుండా దాచే సెట్టింగ్ జూమ్‌లో ఉంది. అది పెట్టుకుంటే ఎదుటివాళ్లకు మీరు కనిపిస్తారు, మీకు మాత్రం కనిపించరు. లాక్‌డౌన్ బరువు మీద జోకులు, "ముందు, తర్వాత" ఫొటోలు, ఇన్ని రోజుల్లో నడుము తగ్గించే ఛాలెంజ్‌లు పెట్టే ఖాతాలన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని అన్‌ఫాలో చేసేయండి, చుట్టాలవైతే మ్యూట్ చేయండి.

వ్యాయామం సంగతి ఒక పరీక్షతో తేలుతుంది. ఒక రోజు మానేస్తే భయం, కోపం, తినకూడదన్న ఆలోచన వస్తున్నాయా? గదిలోనే అటూ ఇటూ నడుస్తూ అడుగులు లెక్కపెడుతున్నారా? అయితే అది జబ్బు చేయిస్తున్న వ్యాయామం. డాక్టర్ సరేననేదాకా ఆపేయండి. సాయంత్రం డాబా మీద ఇంకొకరితో కబుర్లు చెప్పుకుంటూ తిరగడం వేరు.

మెట్టు 7: ఫోన్‌లో వైద్యం

లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫోన్, వీడియో ద్వారా డాక్టర్లు చూసి మందులు రాసే పద్ధతికి స్పష్టమైన నియమాలు వచ్చింది అప్పుడే. ఆ సౌకర్యం ఇప్పటికీ ఉంది. చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇదొక వరం, ఎందుకంటే ఈ జబ్బు బాగా తెలిసిన వైద్యులు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్ 10న మొదలైన టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. ఎర్రగడ్డ పేరు చెప్పగానే నవ్వేవాళ్లున్నారు. వాళ్ల నవ్వుకు భయపడి వైద్యం మానుకోవద్దు.

ఒకే గది ఉన్న ఇంట్లో మాట్లాడటమే పెద్ద సమస్య. డాబా, ఆగి ఉన్న కారు, మెట్ల మీద చివరి వరస, ఇయర్‌ఫోన్లు. నోటితో చెప్పలేని మాటను చాట్‌లో టైప్ చేస్తానని ముందే డాక్టర్‌తో ఒప్పుకోవచ్చు. మొదటి ఫోన్‌కు ముందు కాగితం మీద రాసుకోండి: నిన్న ఏ వేళకు ఏం తిన్నారు, వారంలో ఎన్నిసార్లు వాంతి, నెలసరి ఎప్పుడు ఆగింది, వేసుకుంటున్న మందులేవి. ఈసీజీ, రక్తపరీక్షలు మాత్రం ఫోన్‌లో కుదరవు. అవి దగ్గర్లో చేయించి రిపోర్టు పంపాలి.

మందుల గురించి ఒక్క మాట. బులీమియాలో ఫ్లూక్సెటిన్ అనే మందు వాడతారు. దాన్ని మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, వాడుతున్నవాళ్లు స్టాకు అయిపోయిందని హఠాత్తుగా ఆపొద్దు. లాక్‌డౌన్ పడుతుందన్న వార్త రాగానే నెలకు సరిపడా తెప్పించుకోండి. ఖర్చు సంగతికొస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బుల వైద్యానికి కూడా బీమా కల్పించాలి. ఏజెంటు కుదరదంటే ఈ సెక్షన్ పేరు చెప్పి రాతపూర్వకంగా అడగండి.

మెట్టు 8: కరోనా మీకే వస్తే

రుచి, వాసన పోయిన రోజుల్లో తినకపోవడానికి జబ్బుకు మంచి సాకు దొరుకుతుంది. ఇక్కడ మళ్లీ గడియారమే. రుచి లేకపోయినా జావ, పెరుగన్నం, పాలు, గుడ్డు వేళకు దిగాలి. గది బయట పళ్లెం పెట్టి వెళ్లిపోతే తిన్నారో లేదో ఎవరికీ తెలియదు కాబట్టి, మీరు జబ్బు సంగతి చెప్పిన మనిషి వీడియో కాల్‌లో తోడుగా కూర్చుని తినాలి. ఇమ్యూనిటీ పేరుతో వచ్చే ఉపవాసాలు, కషాయం డైట్ల జోలికి వెళ్లకండి.

కరోనాలో కొందరికి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇచ్చారు. అవి ఆకలిని విపరీతంగా పెంచుతాయి, నిద్ర, మూడ్ కూడా చెడగొట్టగలవు. బింజ్ చరిత్ర ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. డాక్టర్‌కు చెప్పకుండా ఆ మందు మానేయడం మాత్రం తప్పు. ఆ కొద్ది రోజుల ఆకలి మందుదని తెలిస్తే సగం భయం పోతుంది.

మెట్టు 9: ఉపవాసాలు, పండుగలు

శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు. మన జబ్బుకు ఇంతకంటే మర్యాదైన ముసుగు లేదు. తినకపోతే అందరూ మెచ్చుకుంటారు. చికిత్స నడుస్తున్నంత కాలం ఉపవాసం వద్దు. పెద్దలు జబ్బు మనిషికీ గర్భిణికీ పిల్లలకూ ఉపవాసం వద్దనే చెబుతారు. దీపం పెట్టండి, పారాయణ చేయండి, వేళకు తినండి. రంజాన్‌లో కూడా రోగులకు మినహాయింపు ఉంది, ఇమామ్‌తో మాట్లాడితే ధైర్యం వస్తుంది.

పండుగ రోజు బొబ్బట్లు భోజనంలో భాగంగా తినండి, వాటి కోసం టిఫిన్ మానొద్దు.

మెట్టు 10: తలుపులు తెరిచాక

2020 జూన్ 8న హోటళ్లు, గుళ్లు తెరిచినప్పుడు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈ జబ్బున్నవాళ్లలో కొందరికి మాత్రం అసలు భయం అప్పుడే పట్టుకుంది. రెండున్నర నెలల తర్వాత ఆఫీసులో తమను చూసి ఏమంటారో, పాత జీన్స్ పట్టదేమో. బిగుతైన బట్టలు వేసుకున్న రోజల్లా ఒంటిని గుర్తు చేస్తూనే ఉంటాయి, కాబట్టి తెరవకముందే రెండు జతలు వదులుగా కుట్టించుకోండి లేదా కొనుక్కోండి. పాతవి అటకెక్కించండి.

ఇంట్లో కుదిరిన వేళలు ఆఫీసు బస్సు, కాలేజీ గంటల మధ్య చెదిరిపోతాయి. మొదటి వారం బ్యాగులో పల్లీపట్టీ, అరటిపండు పెట్టుకోండి, పదకొండింటి అలారం అలాగే ఉంచండి. హోటల్‌కు మొదటిసారి వెళ్లేటప్పుడు మీ జబ్బు సంగతి తెలిసిన మనిషితో, మీ మామూలు టిఫిన్ వేళకే, ఏం తినాలో ఇంట్లోనే అనుకుని వెళ్లండి. సాయంత్రం చిరుతిండి మూడు రోజులు వరసగా ఎగిరిపోయిందంటే, వాంతి మళ్లీ మొదలైందంటే, అద్దం ముందు గడిపే సమయం పెరుగుతోందంటే, ఇంకో వారం చూద్దాం అనుకోకుండా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి తర్వాతి అపాయింట్‌మెంట్‌ను ముందుకు జరపమని అడగండి.